ఆటలో ఏఐ గీసే బొమ్మ: చూసింది ఎంత, ఊహించింది ఎంత?

ఈ నెల పాఠం: కంప్యూటర్ సైన్స్
7 నుంచి 10వ తరగతి వరకు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు



గత నెల కరీంనగర్ బ్రాంచ్‌లో పేరెంట్స్ మీటింగ్ ముగిశాక తొమ్మిదో తరగతి బాబు వాళ్ల నాన్నగారు ఒకరు ప్రోగ్రెస్ కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ ఆగారు. "సార్, ఒక్క ముచ్చట అడగాలె. మావోడు గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటుండు. 'బాపూ, అన్నిట్ల పెద్దది వద్దు, ఏఐ ఉన్న కార్డు చాలు, చిన్న బొమ్మను అదే పెద్దగ చేస్తది' అంటుండు. ఇది నిజమేనా? లేకపోతే నాతోని పైసలు పెట్టించే మాటనా?" అని అడిగారు.

బాబు పక్కనే నిలబడి నా ముఖం వైపే చూస్తున్నాడు. "నిజమే. కానీ అది సగం నిజం" అన్నాను. వాళ్లిద్దరికీ ఆ జవాబు సరిపోలేదని అప్పుడే అర్థమైంది. ఒక ల్యాప్‌టాప్ అంటే చాలా ఇళ్లలో కొన్ని నెలల పొదుపు. దాన్ని ఒక ప్రకటనలోని మాట నమ్మి ఖర్చు పెట్టకూడదు. అలాగని పిల్లవాడు చెప్పిన మాటను వినకుండా కొట్టిపారేయకూడదు. అందుకే మిగతా సగాన్ని ఈ నెల పాఠంగా రాస్తున్నాను. వీలైతే మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

తెర మీది చుక్కల లెక్క

తెర మీద కనిపించే ఏ బొమ్మ అయినా చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. వాటిని పిక్సెళ్లు అంటాం. మన ఇళ్లలోని ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు ఉంటాయి. గుణిస్తే 20,73,600. 4కె టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160. గుణిస్తే 82,94,400. అంటే సరిగ్గా నాలుగు రెట్లు.

సినిమా చూస్తున్నప్పుడు ఆ బొమ్మలన్నీ ముందే తయారై ఉంటాయి. వీడియో గేమ్‌లో అలా కుదరదు. ఆడే పిల్లవాడు ఎటు తిరుగుతాడో, ఏ తలుపు తీస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీయాలి. వెలుతురు ఎటునుంచి పడుతోంది, నీడ ఎంత పొడవు, నీళ్లలో ప్రతిబింబం ఎలా ఉంటుంది అని ఒక్కో పిక్సెల్‌కూ లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టేదే గ్రాఫిక్స్ కార్డు.

ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలైనా కావాలని ఆడేవాళ్లు అంటారు. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లే. 4కె తెర మీదైతే సెకనుకు 49 కోట్లకు పైగా పిక్సెళ్లకు లెక్క కట్టాలి. ఖరీదైన కార్డులు కూడా ఇక్కడే చెమటోడుస్తాయి.

ఈ భారం తగ్గించడానికి వచ్చిన ఉపాయమే అప్‌స్కేలింగ్. బొమ్మను చిన్నగా గీసి, దాన్ని పెద్దది చేసి చూపించడం అన్నమాట. ఉదాహరణకు ఎన్విడియా కంపెనీ వారి డీఎల్‌ఎస్‌ఎస్‌లో 'పెర్ఫార్మెన్స్' అనే సెట్టింగ్ పెడితే, 4కె తెర కోసం కార్డు నిజంగా గీసేది ఫుల్ హెచ్‌డీ బొమ్మే. తెర మీది ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఆ క్షణాన గీసింది ఒక్కటే. 'క్వాలిటీ' సెట్టింగ్‌లో 2560 × 1440 సైజులో గీస్తుంది. అంటే మొత్తంలో 44 శాతం. మిగతాది ఏఐ నింపుతుంది.

ఆ మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? అసలు ప్రశ్న ఇదే.

చెరిగిన ముగ్గును పూర్తి చేసినట్టు

ముందు ఏఐ లేని పాత పద్ధతి చూద్దాం. పక్కపక్కన రెండు పిక్సెళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి దాదాపు నలుపు, దాని విలువ 20. ఇంకొకటి దాదాపు తెలుపు, విలువ 220. వాటి మధ్య కొత్త పిక్సెల్ పెట్టాలి. పాత పద్ధతి సగటు తీస్తుంది. 20 + 220 = 240, అందులో సగం 120. అంటే బూడిద రంగు. నల్ల తలుపుకూ తెల్ల గోడకూ మధ్య గీత ఉండాల్సిన చోట బూడిద రంగు పొగలాంటిది వస్తుంది. పాత ఫొటోను సాగదీస్తే మసకగా కనిపించేది ఇందుకే. ఇది మీ పిల్లలు చిన్న తరగతుల్లోనే నేర్చుకున్న సగటు లెక్క.

ఏఐ సగటు దగ్గర ఆగిపోదు. పొద్దున్నే వాకిట్లో అమ్మమ్మ వేసిన ముగ్గు మీదుగా బండి వెళ్లి సగం చెరిగిపోయిందనుకోండి. మిగిలిన చుక్కలు, మెలికలు చూసి అమ్మమ్మ చెరిగిన భాగాన్ని నింపగలదు. ఎందుకంటే ఆమె జీవితంలో కొన్ని వేల ముగ్గులు వేసింది. ఫలానా మెలిక ఇలా మొదలైతే అలా ముగుస్తుందని ఆమె చేతికి తెలుసు. ఏఐ కూడా ఇలాగే నేర్చుకుంటుంది. అది తయారయ్యేటప్పుడే దానికి పెద్ద బొమ్మలు, వాటి చిన్న రూపాలు లెక్కలేనన్ని చూపిస్తారు. చిన్న బొమ్మలో ఈ ఆకారం ఉంటే పెద్ద బొమ్మలో ఏది ఉండే అవకాశం ఎక్కువో అది నేర్చుకుంటుంది. తలుపు, గోడ దగ్గర 120 వేయకుండా "ఇది అంచు" అని గుర్తించి 20 గానీ, 220 గానీ వేస్తుంది. అంచు పదునుగా కనిపిస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. చెరిగిన ముగ్గు అమ్మమ్మది కాకుండా పక్కింటి కోడలు కొత్తగా కనిపెట్టి వేసిందైతే? అమ్మమ్మ తనకు అలవాటైన ముగ్గునే పూర్తి చేస్తుంది. అది చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అక్కడ ఉన్నది అది కాదు.

దడి సందులోంచి చూసినట్టు

మీ అబ్బాయి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆటల్లో ఏఐ చేసేది వట్టి ఊహ మాత్రమే కాదు.

ఊళ్లో పెరటి దడి పక్కన నిలబడి ఒక సందులోంచి చూస్తే లోపలి చెట్టు కొంచెమే కనిపిస్తుంది. అదే దడి పక్కనుంచి నడుస్తూ చూస్తే ఒక్కో సందులో ఒక్కో ముక్క కనిపించి, చెట్టు మొత్తం మనసులో కూడుతుంది. ఇప్పటి అప్‌స్కేలింగ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. కార్డు ప్రతి ఫ్రేములోనూ చూసే చోటును పిక్సెల్‌లో చిన్న భాగమంత జరుపుతుంది. ముందరి ఫ్రేముల్లో దొరికిన ముక్కలను దాచుకుంటుంది. ఏ వస్తువు ఎటు కదిలిందో ఆటే దానికి చెబుతుంది. వాటన్నిటినీ కలిపి పెద్ద బొమ్మ కడుతుంది. కాబట్టి ఏఐ నింపిన పిక్సెళ్లలో చాలా వాటికి ఆధారం ఉంటుంది. ఆధారం దొరకని చోట మాత్రమే ఊహ వస్తుంది.

ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు. ఎన్విడియా 2018లో ఆర్‌టీఎక్స్ 20 కార్డులతో మొదటి డీఎల్‌ఎస్‌ఎస్ తెచ్చినప్పుడు బొమ్మ మసకగా ఉందని చాలామంది పెదవి విరిచారు. పాత ఫ్రేముల సమాచారాన్ని బాగా వాడుకునే రెండో రూపం 2020లో వచ్చాకే దానికి మంచి పేరు వచ్చింది. ఏఎండీ కంపెనీ 2021లో ఎఫ్‌ఎస్‌ఆర్ తెచ్చింది. ఇంటెల్ 2022లో ఎక్స్‌ఈఎస్‌ఎస్ తెచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో, 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కూడా ఏఐ అప్‌స్కేలింగ్‌తోనే వచ్చాయి. ఒక విషయం గుర్తుంచుకోండి. ఎఫ్‌ఎస్‌ఆర్ అని పేరున్నదంతా ఏఐ కాదు. అందులో మొదటి రూపాలు మామూలు లెక్కలతో నడిచినవే. ఏఐ వచ్చింది 2025 నాటి ఎఫ్‌ఎస్‌ఆర్ 4తో.

లాభాలు

మొదటిది డబ్బు. తక్కువ పిక్సెళ్లు గీస్తే చాలు కాబట్టి మధ్యస్థమైన కార్డుతో కూడా పెద్ద ఆట నడుస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఇంకో రెండేళ్లు పనికి రావచ్చు. ఎఫ్‌ఎస్‌ఆర్ మొదటి రూపాలు, ఎక్స్‌ఈఎస్‌ఎస్ వేరే కంపెనీల కార్డుల మీద కూడా నడుస్తాయి. పాత కార్డు ఉన్న ఇంటికి ఇది మేలు.

రెండోది వేడి, కరెంటు. మన దగ్గర రామగుండం, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. ఆ వేడిలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల మీకు తెలిసిందే. అప్‌స్కేలింగ్ పెట్టి, సెకనుకు 60 ఫ్రేములు చాలని హద్దు కూడా పెడితే కార్డు మీద భారం తగ్గి వేడి తగ్గుతుంది. హద్దు పెట్టకపోతే మాత్రం కార్డు మిగిలిన శక్తినంతా ఇంకా ఎక్కువ ఫ్రేములు గీయడానికే ఖర్చు పెడుతుంది. అప్పుడు కరెంటు పెద్దగా ఆదా కాదు.

మూడోది బొమ్మ నాణ్యత. ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా కనిపించే దోషం చాలా ఆటల్లో ఉంటుంది. మంచి ఏఐ అప్‌స్కేలింగ్ పాత ఫ్రేముల ముక్కలు కలుపుతుంది కాబట్టి ఆ మెట్లను నునుపు చేస్తుంది. కొన్ని ఆటల్లో పూర్తి సైజులో గీసిన బొమ్మ కన్నా ఇదే బాగుందని అనుభవజ్ఞులైన సమీక్షకులే రాశారు.

నష్టాలు

మన మానేరు మీద 2023లో ప్రారంభమైన తీగల వంతెనను దూరం నుంచి చూసి ఉంటారు. ఆ తీగలు గీసినట్టు సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. కరీంనగర్ వెండి నగిషీ పనిలో వెంట్రుకల్లాంటి వెండి తీగలను మెలిపెట్టి అతికించడం కూడా చాలామంది చూసే ఉంటారు. ఏఐ అప్‌స్కేలింగ్‌కు ఇలాంటివే కష్టం. చిన్న బొమ్మలో సన్నని తీగ ఒక పిక్సెల్ కన్నా సన్నగా ఉండి, ఒక ఫ్రేములో దొరికి ఇంకో ఫ్రేములో జారిపోతుంది. దాంతో ఆటల్లో కరెంటు తీగలు, కంచెలు, వల కిటికీలు మిలమిల మెరిసినట్టు, తెగి అతుక్కున్నట్టు కనిపిస్తాయి.

కుంటాల జలపాతం నుంచి లేచే నీటి తుంపరలు రెండో రకం కష్టం. తుంపర ఏ ఫ్రేములోనూ ముందరి చోట ఉండదు. దడి వెనక చెట్టు కదలకుండా ఉంది కాబట్టి ముక్కలు కూడాయి. తుంపరకు ముక్కలు కూడవు. అందుకే వాన, నిప్పురవ్వలు, వేగంగా పరుగెత్తే వాటి వెనక దెయ్యం నీడలాంటి చార కనిపిస్తుంది. దీన్ని ఘోస్టింగ్ అంటారు.

మూడోది, అందరూ మరిచిపోయేది. ఏఐకి ఇచ్చే బొమ్మ ఎంత చిన్నదైతే ఊహ అంత పెరుగుతుంది. 4కె టీవీకి 'పెర్ఫార్మెన్స్' పెడితే ఫుల్ హెచ్‌డీ బొమ్మ దొరుకుతుంది. అదే సెట్టింగ్‌ను ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో పెడితే కార్డు గీసేది 960 × 540, అంటే 5,18,400 పిక్సెళ్లే. సెట్టింగ్ పేరు ఒకటే అయినా ఫలితం వేరు. 4కె టీవీ మీద చూపించిన వీడియో చూసి ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ కొంటే నిరాశ తప్పదు.

నాలుగోది తయారీదారుల బద్ధకం గురించిన ఫిర్యాదు. 2023లో వచ్చిన 'రెమ్నెంట్ 2' ఆటను తయారు చేసినవాళ్లు, అప్‌స్కేలింగ్ వాడతారన్న లెక్కతోనే ఆటను రూపొందించామని చెప్పారు. ఆడేవాళ్లలో చాలామందికి కోపం వచ్చింది. బలం లేనివాడికి ఊతకర్రగా ఇచ్చినదాన్ని ఇప్పుడు అందరూ పట్టుకొని నడవాలంటున్నారని వాళ్ల బాధ. ఆ మాటలో న్యాయం ఉంది. ఏఐ మిగిల్చిన సమయం ఆడేవాళ్లకు చేరకుండా, ఆటను సరిగా చెక్కకుండా వదిలేయడానికి ఖర్చయితే మన కార్డు మళ్లీ చాలనిదే అవుతుంది.

అర్థం మారిపోయిన బోర్డు

ఐదో నష్టం కొంచెం లోతైనది. 2021 నవంబర్‌లో రాక్‌స్టార్ గేమ్స్ తమ పాత జీటీఏ ఆటలు మూడింటిని కొత్త హంగులతో విడుదల చేసింది. పాత ఆటల్లోని గోడలు, బోర్డుల బొమ్మలు చాలా చిన్నవి. అలాంటివి వేలల్లో ఉంటాయి కాబట్టి వాటిని పెద్దవి చేయడానికి ఏఐ సాయం తీసుకున్నారు. పాత ఆటలో 'టఫ్ నట్' అనే డోనట్ దుకాణం ఉంది. దాని మీద బోల్టుకు బిగించే ఆరు మూలల నట్టు ఆకారం ఉండేది. గట్టి నట్టు అన్న దుకాణం పేరుకు అదే చమత్కారం. కొత్త రూపంలో మూలలు నున్నబడి అది గుండ్రటి చక్రంలా తయారైంది. చమత్కారం పోయింది. కొన్ని బోర్డుల మీద అక్షరాలు కూడా తప్పుగా వచ్చాయి. ఆటలో ఇంకా చాలా లోపాలు ఉండటంతో రాక్‌స్టార్ బహిరంగంగా క్షమాపణ చెప్పి దిద్దుబాట్లు విడుదల చేసింది.

ఇది ఆట నడుస్తుండగా చేసే అప్‌స్కేలింగ్ కాదు, తయారీలో చేసింది. అయినా పాఠం ఒకటే. ఏఐకి మూల కనిపించింది, కానీ అది ఎందుకుందో తెలియదు. అది తెలిసిన మనిషి ఒక్కొక్క బోర్డునూ చూసి ఉంటే ఆ తప్పు అక్కడే దొరికేది.

పెట్టె మీది అంకె

ఇక ప్రకటనల సంగతి. 2022లో ఎన్విడియా ఇంకో అడుగు వేసి, రెండు అసలు ఫ్రేముల మధ్య ఏఐ స్వయంగా ఒక ఫ్రేమును తయారు చేసి పెట్టే పద్ధతి తెచ్చింది. దీన్ని ఫ్రేమ్ జనరేషన్ అంటారు. 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 50 కార్డులతో ఒక అసలు ఫ్రేముకు మూడు వరకు ఏఐ ఫ్రేములు కలిపే పద్ధతి వచ్చింది.

అదే నెలలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో ఎన్విడియా అధిపతి జెన్‌సెన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు అంతకు ముందరి తరం 4090 పనితీరు ఇస్తుందని ప్రకటించారు. 4090 విడుదలైనప్పటి ధర 1,599 డాలర్లు. మూడో వంతు ధరకే అదే పని! పిల్లలకు ఈ వార్త ఎంత నచ్చిందో చెప్పనక్కర్లేదు. కానీ ఆ పోలిక ఏఐ ఫ్రేములను లెక్కలో కలుపుకొని చేసింది. ఏఐ ఫ్రేములు తీసేసి స్వతంత్ర సమీక్షకులు పరీక్షిస్తే 5070 ఆ స్థాయికి చాలా దూరంలోనే ఆగింది.

ఏఐ ఫ్రేములు దండగా అంటే కాదు. కళ్లకు కదలిక సాఫీగా కనిపిస్తుంది. కానీ చేతికి అలా అనిపించదు. కార్డు నిజంగా గీసేది సెకనుకు 30 ఫ్రేములైతే, ఆట మీ బాబు నొక్కిన బటన్‌ను చూసేది కూడా దాదాపు అంతే వేగంతో, సుమారు 33 మిల్లీసెకన్లకోసారి. పైగా మధ్య ఫ్రేమ్ తయారు చేయాలంటే తర్వాతి అసలు ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి కాబట్టి కొంచెం ఆలస్యం తోడవుతుంది. తెర మీద 120 అని అంకె కనిపించినా చేతికి 30లాగే ఉంటుంది. అసలు ఫ్రేములు ముందే 60 దాటి ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. అవి తక్కువున్న చోట, అంటే దాని అవసరం ఎక్కువున్న చోటే, అంతగా నప్పదు.

ఆట దాటి బయటికి వస్తే

ఆటలో తీగ కాసేపు తెగి అతుక్కుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఇదే కుటుంబానికి చెందిన ఏఐ ఇప్పుడు మన ఫోన్లలోనూ ఉంది. మసక ఫొటోను 'ఎన్‌హాన్స్' చేసేది అదే. అక్కడ దడి పక్కన నడిచే అవకాశం ఉండదు. చాలాసార్లు చేతిలో ఉన్నది ఒక్క ఫొటోనే. కాబట్టి ఊహ పాలు ఇంకా పెరుగుతుంది.

మన తెలుగువాళ్లకు దీనికి దగ్గరి అనుభవం ఒకటి ఉంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రం. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి కంప్యూటర్ సాయంతో రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేసింది. తాతలు మనవళ్లను తీసుకొని థియేటర్లకు వెళ్లారు. చూసినవాళ్లు సంతోషించారు. అయితే ఆ రంగులు 1957 నాటి ఫిల్ములో లేవు. నిపుణులు ఆలోచించి ఎంచుకొని వేసినవి. సినిమాను ఆనందించడానికి ఆ రంగులు చాలు. షూటింగ్ రోజున సావిత్రి గారు కట్టుకున్న చీర ఏ రంగుదో తేల్చడానికి మాత్రం ఆ సినిమా సాక్ష్యం కాదు.

ఇదే తేడాను 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక న్యాయమూర్తి గట్టిగా చెప్పారు. ఒక హత్య కేసులో ఫోన్‌తో తీసిన వీడియోను ఏఐ అప్‌స్కేలింగ్‌తో మెరుగుపరిచి సాక్ష్యంగా ఇవ్వబోతే కింగ్ కౌంటీ కోర్టు ఒప్పుకోలేదు. కెమెరా చూసినదానికీ ఏఐ చేర్చినదానికీ తేడా చెప్పలేని వీడియోతో ఒక మనిషి భవిష్యత్తు తేల్చకూడదు కదా.

మన పిల్లల సంగతికి వద్దాం. క్లాసుకు రాని రోజున స్నేహితుడి నోట్సు ఫొటో తెప్పించుకుంటారు. అది మసకగా ఉంటే ఎన్‌హాన్స్ నొక్కుతారు. తెలుగులో ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క. లెక్కల్లో 3కీ 8కీ తేడా రెండు చిన్న వంపులు. ఆ గీత అసలు ఫొటోలోనే లేకపోతే ఏఐ తనకు తోచింది వేసి, అచ్చు వేసినట్టు చక్కగా చూపిస్తుంది. మసకగా ఉన్నప్పుడు పిల్లవాడికి అనుమానం వచ్చేది. ఇప్పుడు రాదు. నన్ను భయపెట్టేది ఇదే. మసక ఫొటో తనకు తెలియదని ఒప్పుకుంటుంది. మెరుగుపరిచిన ఫొటో ఒప్పుకోదు.

కాబట్టి ఇంట్లో ఒక్క నియమం పెట్టుకోండి. అందం కోసం, ఆనందం కోసం అయితే ఏఐ ఊహ సరే. రుజువు కోసం అయితే అసలునే చూడాలి. మెమోలో మార్కులు, ఆధార్ నంబర్, మందుల చీటీ, నోట్సులోని సూత్రం, ఇవన్నీ రెండో రకం.

కొనేముందు పిల్లలను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నువ్వు ఆడే ఆటల పేర్లు రాసి ఇవ్వు. వాటిలో ఎన్నింటిలో ఈ అప్‌స్కేలింగ్ సెట్టింగ్ ఉంది? ఆట తయారు చేసినవాళ్లు అందులో కలిపితేనే డీఎల్‌ఎస్‌ఎస్ లాంటివి బాగా పనిచేస్తాయి.
2. మనం కొనే తెర సైజు ఎంత? ఫుల్ హెచ్‌డీనా, 4కెనా? దానికి ఏ సెట్టింగ్ పెడితే అసలు గీసేది ఎన్ని పిక్సెళ్లు? గుణించి చూపించు.
3. ప్రకటనలో చెప్పిన ఫ్రేముల అంకె ఏఐ ఫ్రేములతో కలిపా, లేకుండానా? లేకుండా ఎంత?
4. ఇప్పుడున్న కంప్యూటర్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ, ఎక్స్‌ఈఎస్‌ఎస్ గానీ పెట్టి చూశావా? చూడకపోతే ముందు అది చూద్దాం.
5. ఈ కంప్యూటర్ చదువుకు కూడా కావాలి కదా. కార్డుకు పెట్టే డబ్బులో కొంత మెమరీకో, మంచి తెరకో పెడితే నీకు ఎక్కువ ఉపయోగమా?

ఈ ఐదింటికీ జవాబులు తెచ్చిన పిల్లవాడు ల్యాప్‌టాప్ వచ్చినా రాకపోయినా ఒక మంచి ప్రాజెక్టు పని పూర్తి చేసినట్టే.

ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: గోడ మీది తెలుగు క్యాలెండర్, ఒక ఫోన్.

క్యాలెండర్‌కు పది అడుగుల దూరంలో నిలబడి జూమ్ చేయకుండా ఫొటో తీయండి. అందులో ఒక తేదీ గడిని మాత్రం కత్తిరించి పెద్దది చేయండి. తిథి, నక్షత్రం పేర్లు చదవడానికి ప్రయత్నించి, మీకు కనిపించినట్టే కాగితం మీద రాయండి. చదవలేని అక్షరం దగ్గర ప్రశ్న గుర్తు పెట్టండి. తర్వాత ఫోన్‌లో ఏఐతో ఫొటోను మెరుగుపరిచే సదుపాయం ఉంటే దాన్ని వాడి మళ్లీ చదివి రాయండి. చివరగా క్యాలెండర్ దగ్గరికి వెళ్లి అసలు చూడండి.

మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పిల్లలను అడగండి. ఏఐ ఎన్ని అక్షరాలు సరిగ్గా తెచ్చింది? ఎన్నింటిని మార్చింది? ప్రశ్న గుర్తు పెట్టిన అక్షరాల్లో ఏఐ "నాకు తెలియదు" అన్నది ఒక్కటైనా ఉందా?

ఈ విషయం మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు ఒక మాట. ఏఐ పిక్సెళ్లను నింపే పని లోపల్లోపల మాత్రికల గుణకారమే. ఇంటర్ లెక్కల్లో వచ్చే మాత్రికల పాఠం అది. ఎన్విడియా, ఏఎండీ రెండింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఆటను ఆడటం దగ్గర మొదలైన ఆసక్తి ఆ లెక్క దగ్గరికి చేరితే అంతకన్నా కావలసింది ఏముంది?

చివరి మాట

ఆ నాన్నగారు, బాబు పోయిన వారం మళ్లీ వచ్చారు. బాబు ఒక కాగితం తెచ్చాడు. తను ఆడే నాలుగు ఆటల్లో ఒక్కదాంట్లోనే ఆ సెట్టింగ్ ఉందని తనే వెతికి రాశాడు. దాని కింద 960 × 540 గుణకారం వేసి ఉంది. "మరి ఏం నిర్ణయించారు?" అని నాన్నగారిని అడిగాను.

"ల్యాప్‌టాప్ సంగతి పరీక్షలైనంక చూస్తం సార్. కానీ మావోడు ఇప్పుడు టీవీల ఏ ప్రకటన వచ్చినా 'బాపూ, ఇందుల అసలెంత?' అని అడుగుతుండు" అని నవ్వారు.

కొనాలా వద్దా అన్నది వాళ్లింటి నిర్ణయం. నేను ఈ పాఠం రాసింది మాత్రం ఆ ప్రశ్న కోసమే.